495 గుర్రాలు... మూడు వేల మైళ్లు

అమెరికాలో ఏ పెద్ద ఊరి శివార్లకు వెళ్లినా హైవే పక్కన సెకండ్ హ్యాండ్ కార్లు బారులు తీరి కనిపిస్తాయి. పదేళ్లు తిరిగిన క్యామ్రీలు, అకార్డుల నడుమ నేలకు అతుక్కున్నట్టు ఓ ఎర్ర కార్వెట్ ఉంటుంది. అద్దం మీద చీటీ చూస్తే నిరుటి మోడల్. మీటరు చూస్తే మూడు వేల మైళ్లు కూడా తిరగలేదు. చూసినవాళ్లకు అనుమానం రావడం సహజం. ఇందులో ఏదో లోపం లేకపోతే ఇంత తొందరగా ఎవరు వదిలించుకుంటారు?

చాలాసార్లు కారులో ఏ లోపమూ ఉండదు. కొన్న మనిషి రోజువారీ బతుకులో దానికి చోటు దొరకదు. ఆ సంగతి సంతకాలు పెట్టిన రోజున తెలియదు, మొదటి చలికాలమో మొదటి బిడ్డో వచ్చాక తెలుస్తుంది. అప్పటికి లెక్క మారిపోయి ఉంటుంది.

ఎలా మారుతుందో చూడటానికి ఎనిమిదో తరం కార్వెట్‌ను మించిన ఉదాహరణ లేదు. 2019 జులైలో షెవర్లే దాన్ని కాలిఫోర్నియాలో ఆవిష్కరించింది. 1953 నుంచీ అమ్ముడైన ప్రతి కార్వెట్‌కూ ఇంజిన్ ముందే ఉండేది. ఈసారి దాన్ని సీట్ల వెనక్కి తెచ్చారు. 6.2 లీటర్ల వీ8, 495 హార్స్‌పవర్, సున్నా నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్లలోపే. ఫెరారీ, లంబోర్గినీ లాంటి అమరిక ఉన్న కారు ధర 60 వేల డాలర్ల లోపే మొదలవుతుందంటే ఎవరి మనసు ఆగుతుంది? డీలర్ల దగ్గర పేర్లు రాయించుకునేవాళ్ల జాబితాలు పెరిగిపోయాయి.

కార్లు మాత్రం రాలేదు. ఆ సెప్టెంబరులో జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మెకు దిగారు, అది 40 రోజులు సాగింది. 2020 ఫిబ్రవరిలో తయారీ మొదలైందో లేదో, మార్చిలో కొవిడ్ వచ్చి కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీ మూతపడింది. 2020 మోడల్ కింద తయారైనవి మొత్తం 20,368. కావలసినవాళ్లు ఎక్కువ, కార్లు తక్కువ. డీలర్లు స్టిక్కర్ ధర మీద వేల డాలర్లు అదనంగా అడిగారు, ఇచ్చేవాళ్లు ఇచ్చారు. వరసలో ముందున్నవాళ్లు కొందరు కారు అందుకున్న వారంలోనే లాభానికి అమ్మేశారు. వాడిన కారు ధర కొత్త కారు ధరను దాటిపోయింది. అప్పట్లో సెకండ్ హ్యాండ్ అంగళ్లలోకి వచ్చిన కొత్త కార్లలో చాలావాటి వెనక ఉన్నది ఈ వ్యాపారమే.

కంపెనీలకు ఇది నచ్చలేదు. 2022లో జనరల్ మోటార్స్ జెడ్06 రకం కార్వెట్ కొన్నవాళ్లకు ఓ షరతు పెట్టింది. తొందరపడి అమ్మేస్తే వారంటీ తర్వాతి యజమానికి బదిలీ కాదు. ఏడాది పాటు ఉంచుకుంటే మాత్రం 5 వేల డాలర్ల విలువైన రివార్డు పాయింట్లు ఇస్తామంది. ఫోర్డ్ అయితే కోర్టుకే వెళ్లింది. రెండేళ్ల దాకా అమ్మనని ఒప్పందం చేసి ఫోర్డ్ జీటీ కొన్న రెజ్లర్ జాన్ సీనా ఆ గడువుకు ముందే అమ్మేశాడంటూ 2017లో దావా వేసింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. పోర్షే ఇంకో దారి పట్టింది. 2023లో వచ్చిన 911 ఎస్/టీని అమెరికాలో మొదటి ఏడాది లీజుకు మాత్రమే ఇచ్చింది. కారు కంపెనీ పేరు మీదే ఉంటే కొన్నవాడు అమ్మలేడు కదా.

ఈ షరతులు పట్టుకునేది లాభం కోసం కొన్నవాళ్లను. ప్రేమించి కొన్నవాళ్ల సంగతి వేరు, నాకు పట్టింపు ఉన్నది వాళ్ల గురించే. అదనం కట్టి మరీ కార్వెట్ తెచ్చుకున్న మనిషిని తలచుకోండి. ఆ తర్వాత బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీ గాడిన పడింది, 2023 మోడల్ కింద 53,785 కార్లు బయటికొచ్చాయి. కార్వెట్ చరిత్రలో అంతకన్నా ఎక్కువ తయారైన ఏడాది 1979 ఒక్కటే, అప్పుడు 53,807. వరసలో నిలబడే పని తప్పాక అదనపు ధరకు ఆధారం పోయింది. ఆరేడేళ్ల అప్పు మీద కొన్నవాళ్లలో చాలామందికి కారు విలువకన్నా బాకీయే ఎక్కువగా మిగిలింది. నెలనెలా కంతు, దానికి తోడు స్పోర్ట్స్ కారు బీమా. ఇంకా ఆగితే ఇంకా తగ్గుతుందన్న భయంతో చాలామంది ముందే అమ్ముకుంటారు.

డబ్బు ఇబ్బంది లేనివాళ్లు కూడా అమ్ముతారు. ఇక్కడే అసలు కథ ఉంది. షోరూంలో టెస్ట్ డ్రైవ్ అంటే పక్కన సేల్స్‌మన్ కూర్చుని ఉండగా పావుగంట. డిమాండ్ ఉన్న కారుకు అది కూడా దొరకదు. ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ తెలుస్తుంది. వాకిట్లోకి ఎక్కే వాలు దగ్గర ముందు భాగం నేలకు రాసుకుంటుంది. అందుకే కార్వెట్‌లో ముక్కును 40 మిల్లీమీటర్లు పైకెత్తే ఏర్పాటు పెట్టారు, జీపీఎస్ సాయంతో అది వెయ్యి చోట్లను గుర్తుపెట్టుకుంటుంది. ఆ సదుపాయం ఇంజినీర్ల నైపుణ్యమే. అయితే ఒక మనిషి తిరిగే దారిలో ఇన్ని అడ్డంకులుంటాయని వాళ్లు ముందే ఊహించారన్నది కూడా అందులో ఉంది.

సీట్లు రెండే. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరిని వదిలి వెళ్లాలి, భార్యాభర్తలు ఇద్దరూ వస్తే పిల్లలెవరికీ చోటుండదు. వేసవి కోసం చేసిన మెత్తని టైర్లు చలిని ఓర్చుకోవు. మైనస్ 7 డిగ్రీలకన్నా కింద ఆ రబ్బరు బీటలిచ్చే ప్రమాదముందని మిషెలిన్ కంపెనీయే చెబుతుంది. మిషిగన్‌లో, మిన్నెసోటాలో నవంబరు నుంచి మార్చి దాకా కారు గ్యారేజీలో ముసుగు కప్పుకుని ఉంటుంది. ఇక వేగం. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వేగ పరిమితి టెక్సస్‌లో ఒక టోల్ రోడ్డు మీద, గంటకు 85 మైళ్లు. 495 గుర్రాల ఇంజిన్ ఆ గీతను అవలీలగా దాటేస్తుంది. దాని అసలు స్వభావం చూడాలంటే రేస్ ట్రాక్‌కు వెళ్లాలి, అక్కడ మామూలు బీమా సాధారణంగా వర్తించదు. మనింట్లో ఖరీదైన పట్టుచీరలాగా, పాడవుతుందేమోనన్న భయమే కారును కదలనివ్వదు. నెలకోసారి కూడా తీయని కారుకు కంతు కడుతున్నానన్న ఆలోచన మనసులో పడ్డాక ఆ కారు ఇంట్లో ఎక్కువ కాలం నిలవదు.

డీలర్లు డెమోగా తిప్పినవి, సర్వీసుకొచ్చినవాళ్లకు తాత్కాలికంగా ఇచ్చినవి, లీజు ముగించుకుని వచ్చినవి కూడా ఈ వరసలోనే చేరతాయి. వాటికి పెద్ద కథేం లేదు.

మన దగ్గర

హైదరాబాద్‌లో లెక్క ఇంకా పదునుగా ఉంటుంది. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు పాత లగ్జరీ కార్ల షోరూంలలో కొద్ది వేల కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్స్ కార్లు కనబడతాయంటే దానికి పన్నులు ఒక పెద్ద కారణం. పూర్తిగా తయారై దిగుమతయ్యే ఖరీదైన కారు మీద సుంకాల భారం 110 శాతం. 2025 బడ్జెట్‌లో సుంకాన్ని 70 శాతానికి దించినా, 40 శాతం సెస్సు కలపడంతో మొత్తం మారలేదు. దాని మీద జీఎస్టీ, ఆపైన జీవితకాల పన్ను. ఇవన్నీ మోసేది మొదటి యజమాని. అదే రాష్ట్రంలో చేతులు మారితే రెండో యజమాని జీవితకాల పన్ను మళ్లీ కట్టక్కర్లేదు. కొత్తది కొనేవాడు కారుతో పాటు ప్రభుత్వ వాటా కూడా కొంటాడు, అమ్మేటప్పుడు ఆ వాటాకు పూర్తి ధర ఎవరూ ఇవ్వరు.

మోటారు బీమా పట్టిక చూడండి. ఆరు నెలల్లోపు కారు విలువలో 5 శాతం తరుగు, ఏడాదిలోపు 15, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30. ఆల్టోకు, అతి ఖరీదైన కారుకు వరస ఒకటే. నాలుగు లక్షల మీద 20 శాతం అంటే 80 వేలు. నాలుగు కోట్ల మీద 80 లక్షలు.

దానికి రోడ్లు తోడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండి, వెడల్పు 3.7 మీటర్ల దాకా వాలుగా సాగాలి. కాలనీల్లో వేసేవి చాలావరకు నిటారుగా లేస్తాయి. అడుగు నుంచి నేలకు పన్నెండు సెంటీమీటర్లు ఉన్న కారు వాటిని దాటాలంటే ఊపిరి బిగబట్టాలి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120. ఆదివారం తెల్లవారుజామున అక్కడొక చుట్టు తిప్పడమే చాలామంది యజమానులకు వారం మొత్తం దక్కే ఆనందం. దాన్ని నేను చిన్నచూపు చూడను. మంచి ఇంజిన్ శబ్దం విని ముఖం వెలగని మనిషిని నేనింకా చూడలేదు. దిగులల్లా కార్ల గురించే. పరుగెత్తడానికి ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన యంత్రాలు కదలకుండా పాతబడుతున్నాయి.

అందుకే అలాంటి కారు కొనాలనుకునే రెండో మనిషికి ఇది మంచి అవకాశం. అయితే తక్కువ తిరిగింది కాబట్టి బాగుంటుందని నమ్మెయ్యకూడదు. నిలబడిన కారులో బ్యాటరీ చస్తుంది, బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, టైర్లు ఒకచోట అణిగిపోతాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2320 అంటే 2020లో ఇరవైమూడో వారంలో తయారైందని. తిరగకపోయినా రబ్బరు వయసు ఆగదు. అమెరికాలో ఎనిమిదో తరం కార్వెట్ తొలి ఏళ్ల మోడల్ చూస్తుంటే 7,500 మైళ్ల దగ్గర గేర్‌బాక్స్ ఫిల్టరు మార్చారా అని అడగండి, కొత్త మోడల్ అయితే బంపర్ నుంచి బంపర్ దాకా ఇచ్చే మూడేళ్ల వారంటీలో మిగిలినదెంతో చూసుకోండి. ఇక్కడైతే ఆర్సీ మీద హైపోథికేషన్ (అప్పు ఇచ్చిన సంస్థ పేరు) తొలగించారో లేదో, వేరే రాష్ట్రం కారైతే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన పన్ను ఎంతో ధర మాట్లాడకముందే తేల్చుకోవాలి. లిఫ్ట్ మీద ఎక్కించి అడుగుభాగం చూడనివ్వని అమ్మకందారు దగ్గర, సర్వీసు రసీదులు లేని కారు దగ్గర, అది ఎంత మెరిసినా నేనైతే ఆగను. నాలుగు నెలలాగితే అలాంటిదే ఇంకొకటి వస్తుంది.