కడలి తీరమున సెల్‌ఫోను

ప్రకృతి సంపదపై బ్రతుకువారికి ఎల్లప్పుడును రెండు చింతలు. సంపద దొరకునా యన్నది మొదటిది. దొరకినదానికి వెల వచ్చునా యన్నది రెండవది. డిజిటల్ విజ్ఞానము రెండవ చింతను ఎంతగా తీర్చగలదో, మొదటి చింత యెదుట దాని హద్దు ఎచటనో కేరళ తీరమునందలి కవళ్ళ వేట చక్కగా బోధించుచున్నది.

కవళ్ళను మలయాళీలు మత్తి యందురు. సామాన్యుల భోజనమున ఆ చేపకు పెద్ద స్థానము కలదు. అయితే అది పూట గడచిన నిలువదు. పూర్వము జాలరికి పొరుగు రేవు ధర తెలియదు. తెలియక పడవ నటు నడపిన ఇంధనము దండుగ. అందుచే ఒకచోట చేప కడలిపాలగుచుండగా మరియొకచోట వర్తకులు రిక్తహస్తములతో మరలిపోవుచుండిరి. 1997 జనవరి 14న ఉత్తర కేరళలోని వడకర రేవున 11 మంది జాలరులు కొనువారు లేక చేపను పారవేయ సిద్ధపడిరి. అదే ఉదయమున, 15 కిలోమీటర్ల లోపలనే, 27 మంది వర్తకులు చేప దొరకక వెనుదిరుగనుండిరి. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రకటించిన పరిశోధనలోని దృష్టాంతమిది.

1997, 2001 సంవత్సరముల నడుమ ఆ తీరమునకు క్రమముగా సెల్‌ఫోను వచ్చెను. జాలరి పడవలో నుండియే రేవుల ధరలు విచారించి, గిరాకీ యున్న చోటికి చేపను చేర్చసాగెను. పారవేత నిలిచెను. జాలరుల లాభము సుమారు 8 శాతము పెరిగెను. వినియోగదారులు చెల్లించు ధర సుమారు 4 శాతము తగ్గెను. అమ్మువాడును కొనువాడును ఒక్కమారే లాభపడుట వర్తకమున అరుదు.

మొదటి చింతకును విజ్ఞానము కొంత తోడైనది. 1999లో స్థాపితమైన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహములు కొలిచిన సముద్రజలముల ఉష్ణోగ్రతను, పత్రహరితమును పరిశీలించి, చేప లభింపగల తావులను జాలరులకు తెలుపుచున్నది. తెలుగు తీరమువారికి సయితము ఈ సూచనలు అందుచున్నవి.

కాని తావు చూపుట వేరు, చేపను పుట్టించుట వేరు. 2012లో కేరళ జాలరులకు దాదాపు 4 లక్షల టన్నుల కవళ్ళు లభించెను. 2021లో సుమారు 3,300 టన్నులు మాత్రమే! తరువాతి యేండ్లలో అవి మరల కొంత కోలుకొన్నవి. సముద్ర వాతావరణపు మార్పులును, పిల్లచేపలను పట్టుటయు ఈ క్షీణతకు కారణములని శాస్త్రజ్ఞులు చెప్పిరి. చేప లేని నాడు చేతిలోని ఫోను ఏ రేవు ధరను చెప్పిన నేమి?

10 సెంటీమీటర్లకు తక్కువైన కవళ్ళను పట్టరాదని కేరళలో నిబంధన ఏర్పడినది. అది యంత్రము చేసినది కాదు, మనుష్యులు చేసికొన్న కట్టుబాటు. దొరకినదానిని వృథాచేయకుండుట యంత్రము నేర్పినది. రేపటికై కొంత విడిచిపెట్టుట మనుష్యుడే నేర్వవలెను.