మీకు తెలుసా? గేమ్ నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు!

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొన్న గేమ్ నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. 2015 జూన్ నుంచి ఉన్న సౌకర్యమిది. పెద్ద కారణమేమీ చూపనక్కర్లేదు. మన పాత ల్యాప్‌టాప్ మీద గేమ్ ఆగి ఆగి నడిచినా చాలు. అందుకే కొన్న రోజే ఓ గంట ఆడి చూడండి. సెలవుల్లో చూద్దాంలే అని పక్కన పెడితే గడువు కాస్తా దాటిపోతుంది, డబ్బూ పోతుంది.

ఇంకో సంగతి. ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబర్‌లో మొదలైనప్పటి నుంచీ గేమ్‌లను ఉచితంగా పంచుతోంది. ఇప్పుడైతే గురువారం గురువారం కొత్తది వస్తుంది. 2020 మేలో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 ఇచ్చినప్పుడు జనం తాకిడికి ఆ సైట్ కొన్ని గంటలు మొరాయించింది. గడువులోగా ఖాతాలో వేసుకుంటే చాలు, ఆ గేమ్ మీదే. వెంటనే డౌన్‌లోడ్ చేయాల్సిన పని లేదు. మంచి కంప్యూటర్ కొనే స్తోమత ఇంకా లేని విద్యార్థులు ఫోన్ బ్రౌజర్‌లోనే వారం వారం పోగేసుకోవచ్చు. నా దృష్టిలో ఇంతకు మించిన పొదుపు లేదు.

కొనక తప్పని గేమ్ ఉంటే స్టీమ్ విష్‌లిస్ట్‌లో పెట్టండి. తగ్గింపు రాగానే మెయిల్ వస్తుంది. పెద్ద తగ్గింపులు సాధారణంగా జూన్ చివర్లో, డిసెంబర్ చివర్లో ఉంటాయి. ఇక సూపర్‌టక్స్‌కార్ట్, బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్ లాంటివి ఎప్పుడూ ఉచితమే. వాటిని స్వచ్ఛందంగా తయారుచేసేవాళ్లు ఇప్పటికీ మెరుగుపరుస్తూనే ఉన్నారు.