బంకరాతిలో ఉప్పు ప్రయాణం

నేల అడుగున గట్టిపడిన బంకమట్టి రాతిలో నీరు ఉంటుంది, కానీ పారదు. ఆ నీటిలో కరిగిన పదార్థాలు మాత్రం కదులుతూనే ఉంటాయి. ఈ కదలికను శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించిన రాళ్లలో ఉత్తర స్విట్జర్లాండ్‌లోని ఒపలైనస్ బంకరాయి ఒకటి. సుమారు 17.5 కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఉండిన లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న బురద, పైన చేరిన పొరల బరువుకు నలిగి ఈ రాయిగా మారింది. ఆ పొరల్లో దొరికే ఒక అమ్మోనైట్ శిలాజం పేరే దీనికి వచ్చింది.

ఈ రాతి ఘనపరిమాణంలో సుమారు ఆరో వంతు ఖాళీలే. ఆ ఖాళీల నిండా నీరే. అయినా బావి తవ్వితే చుక్క ఊరదు. ఖాళీల్లో అధికభాగం వెడల్పు కొన్ని నానోమీటర్లు మాత్రమే కావడం దీనికి కారణం. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నానోమీటరు. అంత ఇరుకు సందుల్లో నీటిని ఖనిజపు గోడలు పట్టి ఉంచుతాయి. మీటరు మందపు రాతిమీద మీటరు ఎత్తు నీటి ఒత్తిడి పెట్టినా, దాని గుండా ఏడాదికి దాటే నీటి మట్టం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్నే ఉంటుంది. ఇసుకరాతిలోనో, పగుళ్లున్న సున్నపురాతిలోనో కరిగిన పదార్థాన్ని ప్రవాహం మోసుకుపోతుంది. ఇక్కడ ఆ వాహనం లేదు. మిగిలింది వ్యాపనం ఒక్కటే.

అణువులు ఎప్పుడూ నిలకడగా ఉండవు. ఒకదాన్నొకటి ఢీకొంటూ అన్ని వైపులకూ చెదురుతుంటాయి. ఎక్కువ ఉన్నచోటు నుంచి బయటికి వెళ్లేవి ఎక్కువ, తిరిగి వచ్చేవి తక్కువ. అందువల్ల మొత్తం మీద పదార్థం గాఢత ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి చేరుతుంది. గ్లాసు అడుగున వేసిన బెల్లం ముక్క, కలపకపోయినా కొంతకాలానికి పై నీటిని తియ్యగా చేయడం ఇలాగే. అడాల్ఫ్ ఫిక్ దీన్ని 1855లో గణితసూత్రంగా రాశాడు. ఆయన అప్పుడు జ్యూరిక్‌లో పనిచేస్తున్న శరీరశాస్త్రవేత్త. ఎంత తేడా ఉంటే అంత వేగం అన్నది ఆ సూత్రం సారం.

రాతిలో ఈ చెదురుబాటుకు దారి వంకరటింకర. అణువు బంకమట్టి పలకలను చుట్టివెళ్లాలి. పలకలు బురద పేరుకున్న దిశలోనే పరుచుకుని ఉంటాయి కాబట్టి, పొరల వెంబడి వ్యాపనం పొరలకు అడ్డంగా జరిగేదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది: దూరం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. ఒపలైనస్ రాతిలో పొరలకు అడ్డంగా నీటి అణువు మీటరు దూరం చెదరడానికి స్థూలంగా 150 ఏళ్లు పడితే, పది మీటర్లకు 15 వేల ఏళ్లు, యాభై మీటర్లకు దాదాపు నాలుగు లక్షల ఏళ్లు కావాలి. ఇటువంటి రాతిలో అణువ్యర్థాలను పూడ్చిపెడితే మందంగా ఉన్న పొర ఇచ్చే రక్షణ, మందం పెరిగిన లెక్కకంటే ఎన్నో రెట్లు పెరగడానికి కారణం ఇదే.

పదార్థాలన్నీ ఒకే తీరున నడవవు. బంకమట్టి పలకల ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. క్లోరైడ్, అయోడైడ్ వంటి రుణ అయాన్లను అది నెట్టివేస్తుంది. అవి ఇరుకు సందుల్లోకి పోలేక, ఉన్న ఖాళీలో దాదాపు సగాన్నే వాడుకోగలుగుతాయి. ధన అయాన్ల కథ వేరు. సోడియం పలకల పక్కన కొంత పోగైనా, తేలికగానే ముందుకు సాగుతుంది. సీజియాన్ని మాత్రం పలకలు గట్టిగా పట్టుకుంటాయి. ప్లూటోనియం కూడా ఖనిజాలకు అంటుకుపోయేదే. ఇలా అంటుకుంటూ, విడిపోతూ సాగేవాటి ప్రయాణం నీటి అణువు ప్రయాణం కంటే వందల, వేల రెట్లు ఆలస్యమవుతుంది.

ఈ లెక్కలు కాగితం మీద మిగిలిపోలేదు. స్విట్జర్లాండ్ జూరా ప్రాంతంలో మోంట్ టెర్రీ హైవే సొరంగానికి పక్కన, కొండలోపల సుమారు 300 మీటర్ల కింద, 1996 నుంచి ఒక పరిశోధనశాల నడుస్తోంది. అక్కడి ఒపలైనస్ రాతిలో రంధ్రం తొలిచి, దాని చివరి భాగాన్ని మూసి, రాతినీటిని పోలిన నీటిలో నీటి అణువుల జాడ చూపే ట్రిటియం, అయోడైడ్, సోడియం, సీజియం కలిపి నెలల తరబడి తిప్పుతారు. తర్వాత చుట్టూ ఉన్న రాతిని స్తంభంలా కోసి తీసి, ముక్కముక్కగా పరీక్షిస్తారు. ట్రిటియం బాగా లోపలికి చొచ్చుకుపోయి కనిపిస్తుంది. సీజియం రంధ్రపు గోడ దగ్గరే ఆగిపోతుంది.

అయితే కొన్ని నెలల ప్రయోగం లక్షల ఏళ్లకు పూచీ పడగలదా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మనిషి చేసిన ఏ ప్రయోగంలోకన్నా ఆ రాతిలోనే గట్టిగా దొరికింది. మోంట్ టెర్రీలో పొర పైనా కిందా ఉన్న రాళ్లలో వాననీటితో నిండే జలస్తరాలున్నాయి. పొర అంచుల దగ్గర రాతినీరు చప్పగా ఉంది. లోపలికి పోయేకొద్దీ ఉప్పదనం క్రమంగా పెరిగి, ఒకచోట సముద్రపు నీటిలో సగానికి మించుతుంది. అది ప్రాచీన సముద్రపు ఉప్పు. కొండలు పైకి లేచి, కోతకు గురై, పక్కపొరల్లో మంచినీరు పారడం మొదలయ్యాక ఆ ఉప్పు కొన్ని మిలియన్ల ఏళ్లుగా రెండు వైపులకూ వ్యాపిస్తూ ఉంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నీరు పారి ఉంటే ఉప్పదనంలోని ఈ నున్నటి వంపు చెరిగిపోయేది. రాతిలోని యురేనియం, థోరియం నుంచి పుట్టే హీలియం వాయువు కూడా మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉండి అదే మాట చెబుతోంది.

అణువిద్యుత్ కేంద్రాల వ్యర్థాలను దాచడానికి బంకరాళ్లను ఎంచుకోవడం ఈ ఆధారం మీదే. ఫ్రాన్స్‌లో బూర్ దగ్గర, బెల్జియంలో మోల్ దగ్గర కూడా ఇటువంటి పొరల్లో పరిశోధనశాలలు ఉన్నాయి. అయితే బంకరాయి దేన్నీ శాశ్వతంగా ఆపదు. ఆ వ్యర్థాల్లోని అయోడిన్-129 అర్ధాయువు, అంటే అందులో సగం నశించడానికి పట్టే కాలం, సుమారు 1.6 కోట్ల ఏళ్లు. పైగా అది రుణ అయాన్, పలకలకు అంటుకోదు. అది చివరికి బయటపడుతుంది. కానీ లక్షల ఏళ్ల కాలంలో పరుచుకుని, పలచబడి, కొద్దికొద్దిగా. ఆ మోతాదు ప్రమాదకరం కాదని చూపించడమే రక్షణ లెక్కల్లో అసలు పరీక్ష. అర్ధాయువు 30 ఏళ్లున్న సీజియం-137 మాత్రం మీటరు దూరం దాటకముందే నశిస్తుంది.

స్విట్జర్లాండ్‌లో అణువ్యర్థాలను దాచే బాధ్యత చూసే నాగ్రా సంస్థ 2022లో జ్యూరిక్‌కు ఉత్తరాన ఉన్న నోర్డ్‌లిక్ లేగెర్న్ ప్రాంతాన్ని ఎంపిక చేసి, 2024 నవంబరులో అనుమతికి దరఖాస్తు పెట్టింది. అక్కడ ఒపలైనస్ పొర వంద మీటర్లకు మించిన మందంతో, చాలా లోతున ఉంది. తుది నిర్ణయం ప్రభుత్వానిది, పార్లమెంటుది. ప్రజలు కోరితే జనాభిప్రాయ సేకరణ కూడా జరుగుతుంది.