గడ్డ, కణితి, స్టెరాయిడ్: కాలేయ చికిత్సా నిర్ణయంలో మాటల పాత్ర

విశాఖ ఉక్కునగరానికి చేరువలోని పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ వెలసిన తర్వాత బ్యాచ్, సాల్వెంట్, రియాక్టర్ వంటి మాటలు అక్కడి వ్యవహారంలో భాగమయ్యాయి. మందు తయారీని చెప్పే మాటలు ఇలా కుదురుకున్నా, మందు ఒంట్లోకి చేరాక జరిగేదాన్ని చెప్పే తెలుగు మాటల్లో స్పష్టత తక్కువ. 'స్టెరాయిడ్', 'గడ్డ' అనే రెండు మాటలే ఇందుకు చాలు.

ఉబ్బసానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడే, కండల కోసం మింగే స్టానొజొలాల్ కూడా స్టెరాయిడే. రెండింటి రసాయన చట్రం ఒకే జాతిది, పనులు మాత్రం వేరు. మొదటిది వాపును అణచుతుంది. రెండవది పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌ను అనుకరిస్తూ కండరాల్లో ప్రోటీన్ నిర్మాణాన్ని పెంచుతుంది. దీనినే అనబాలిక్ స్టెరాయిడ్ అంటారు. అలాగే 'కాలేయంలో గడ్డ' అన్నప్పుడు అది అమీబా వల్ల ఏర్పడిన చీముగడ్డ కావచ్చు, కణితి కావచ్చు. చీముగడ్డ చాలావరకు మెట్రొనిడజోల్ వంటి మందులతో తగ్గుతుంది, అవసరమైతే సూదితో చీము తీస్తారు. కణితి దారి పూర్తిగా వేరు.

ఉత్తరాంధ్రలో బలసాధన కొత్తది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కలియుగ భీముడిగా పేరుపొందిన నాటికి కృత్రిమ టెస్టోస్టిరాన్ అసలు లేదు. దాని సంశ్లేషణ 1935లో జరిగింది. తాలింఖానా నుంచి జిమ్‌కు వచ్చే దారిలో ఎక్కడో మాత్ర చేరింది.

నోటి ద్వారా తీసుకొనే అనబాలిక్ స్టెరాయిడ్లలో ఎక్కువ వాటికి 17వ కార్బన్ వద్ద ఒక ఆల్కైల్ సమూహాన్ని చేరుస్తారు. కాలేయం మందును వెంటనే విచ్ఛిన్నం చేయకుండా ఈ మార్పు అడ్డుకుంటుంది. మాత్రకు బలం ఇచ్చేది, కాలేయానికి భారమయ్యేది ఇదే. దీర్ఘకాల వాడకంలో అడినోమా అనే క్యాన్సర్ కాని కణితి, పేలియోసిస్ అనే రక్తపు తిత్తులు, అరుదుగా కాలేయ క్యాన్సర్ కనిపించాయి. ఈ సంబంధం మొదట బయటపడింది కండల వీరుల్లో కాదు. ఫాంకోని రక్తహీనత వంటి వ్యాధులకు వైద్యులే ఈ మందులు ఇచ్చిన రోగుల్లో.

చికిత్సలో మొదటి మెట్టు మందు ఆపడం. ఆ తర్వాతి నిర్ణయమే కష్టమైనది. గర్భనిరోధక మాత్రలు వాడిన స్త్రీలో 5 సెంటీమీటర్ల లోపు అడినోమా ఉంటే మాత్రలు ఆపి, 6 నెలల తర్వాత ఎంఆర్ఐతో తిరిగి చూడవచ్చు. పురుషుల విషయంలో ఐరోపా కాలేయ అధ్యయన సంఘం 2016 మార్గదర్శకాలు కణితి పరిమాణంతో నిమిత్తం లేకుండా శస్త్రచికిత్సనే సూచిస్తాయి. పురుషుల్లో, ముఖ్యంగా బీటా కెటెనిన్ జన్యువు మారిన కణితుల్లో, క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువ కావడమే కారణం. రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని తేల్చడానికి వీల్లేదు.

ఈ నియమం అందరికీ ఒకేలా అన్వయించదు. ఫాంకోని రోగిలో మందు ఆపితే కణితి తగ్గవచ్చు, కానీ రక్తకణాల సంఖ్య పడిపోవచ్చు. కత్తి పెడితే రక్తస్రావ భయం. అక్కడ ఏ మార్గమూ నిరపాయం కాదు. కణితి పగిలి రక్తం కారుతున్నప్పుడు ముందు రక్తనాళాన్ని లోపలి నుంచి మూసి, రోగి కుదుటపడ్డాక శస్త్రచికిత్స ఆలోచిస్తారు. పేలియోసిస్ అనుమానం ఉంటే సూదితో ముక్క తీయడం కూడా ప్రమాదమే.

కాబట్టి సూది గుచ్చడానికి ముందే స్టెరాయిడ్ సంగతి వైద్యుడికి తెలియాలి. భారతదేశంలో ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ లేకుండా కొన్నవాడు 'బలం పొడి' అనో 'టానిక్' అనో చెప్పి ఊరుకుంటాడు. వైద్యుడికి కావలసింది మందు పేరు, అది మాత్రో ఇంజెక్షనో, ఎన్ని నెలలు వాడాడన్న వివరం. ఖాళీ డబ్బా ఉంటే తీసుకువెళ్ళడం మేలు.