సాంచె ఆడినంత కాలం

దక్కన్ పీఠభూమి మీద, దాదాపు 450 మీటర్ల ఎత్తున ఉన్న సోలాపూర్ చాలామందికి దారిలో తగిలే ఊరు మాత్రమే. పండరిపురం, తుల్జాపూర్, అక్కల్‌కోట వెళ్లేవాళ్లు ఇక్కడ బండి మారతారు, ఓ జత చద్దర్లు కొంటారు, వెళ్లిపోతారు. రెండు రోజులు ఆగి అశోక్ చౌక్ చుట్టుపక్కల వాడల్లో తిరిగే తెలుగువాడిది మాత్రం ఒకటే ఆశ్చర్యం. మరాఠీ గడ్డ మీద తెలంగాణ యాస! తరాలు మారినా అమ్మభాషను ఎంత ప్రేమగా దాచుకున్నారోనని మురిసిపోతాడు, అదే రాసేస్తాడు. ఆ మురిపెం నిజమే కానీ, చెప్పే కారణమే సరికాదు. ఇక్కడ తెలుగును నిలిపింది అభిమానం కన్నా ముందు పని.

నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇటు దారిపట్టారు. ముందొచ్చినవాడు మగ్గం చూపిస్తే వెనక బావమరిది వచ్చాడు, ఆ వెనక మేనల్లుడు. చేతిమగ్గం ఇంట్లోనే ఉండేది కనుక ఇల్లూ కార్ఖానా ఒకటే. నూలు పోగు గురించి, కండె గురించి, కూలి గురించి మాట్లాడాలంటే తెలుగు తప్ప మరోటి అక్కర్లేకపోయింది. సాంచెలు, అంటే మరమగ్గాలు, వచ్చాక చద్దర్లు, తువ్వాళ్లు షెడ్లలోకి మారాయి. నేసేవాడూ, చాలాచోట్ల నేయించేవాడూ తెలుగువాళ్లే. అయితే సాంచెల మోతలో కబుర్లు సాగవు. అందుకే, పేరంతా చద్దరుకు దక్కినా, భాష విషయంలో పెద్ద అప్పు బీడీకే ఉందనిపిస్తుంది. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, నలుగురు ఆడవాళ్లు గుమ్మం ముందు కూర్చుంటే చేతులకే పని, నోటికి తీరికే. పక్కన ఆడుకునే పిల్లల చెవిన పడేది ఆ తెలుగే.

మార్కండేయ గుడి, శ్రావణ పౌర్ణమి రథోత్సవం, బతుకమ్మ ఏమీ చేయలేదా అని అడగవచ్చు. చేశాయి. కానీ ఆ గుడికీ, పద్మశాలీలు పెట్టుకున్న విద్యాసంస్థలకూ వెనకున్నది నేత సంపాదనే. ఒకే పని చేసేవాళ్లు ఒకేచోట లేకుంటే రథం లాగడానికి మనుషులెక్కడ? ఒకేచోట నిలవని పని ఏం చేస్తుందో ముంబయిలో చూడొచ్చు. అక్కడ కామాఠిపురకు ఆ పేరు ఇచ్చింది తెలుగు కూలీలే. వాళ్ల కట్టడం పని ఒకచోట నిలిచేది కాదు. ఒక భవనం లేచాక మనిషి మరో చోటు వెతుక్కోవాలి. తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నా, ఆ పేట ఇప్పుడు తెలుగు పేట అనిపించుకోదు. మెక్సికోలో వహాకా ఎత్తుప్రాంతపు ఊరు టియోటిట్లాన్ దెల్ వాయే సంగతి వేరు. అక్కడ ఉన్ని తివాచీలు నేసే ఇళ్లలో జపోటెక్ భాష ఇప్పటికీ వినిపిస్తుంది. పర్యాటకులు ఆ మగ్గాలనూ రంగులనూ చూసి ముచ్చటపడతారు. ఇల్లు, పని, మాట ఒకే కప్పు కింద ఉండటాన్ని అంతగా పట్టించుకోరు.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది: ఇలా పనిని పొగడటమంటే పేదరికాన్ని పొగడటం కాదా? తంబాకు ధూళి పీలుస్తూ, నడుము వంచి, వెయ్యి బీడీల లెక్కన కూలి అందుకునే తల్లి తన కూతురికి ఆ చాట వద్దనుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మరాఠీలో చదివి పుణె చేరిన మనవడు ఇంట్లో మరాఠీ మాట్లాడినా ద్రోహమేమీ కాదు. చెప్పేదల్లా ఇంతే: పని మారినప్పుడు భాష ఎందుకు పలచబడిందని బాధపడుతూ భాషాభిమాన సభలు పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. నూలు ధర, కరెంటు బిల్లు, కూలి రేటు చర్చకు రాని సభ అశోక్ చౌక్‌కు అక్కరకు రాదు.

ఆ చర్చ తెచ్చినవాళ్లు లేకపోలేదు. కమ్యూనిస్టు నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నడిపిన పోరాటాల ఫలితంగా సోలాపూర్ పక్కనున్న కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మికులకు పదివేల ఇళ్లు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. తర్వాత అక్కడే వచ్చిన రేనగర్ పథకం 30,000 ఇళ్లది. వాటిలో 15,000 ఇళ్లను 2024 జనవరిలో ప్రధాని మోదీ అందజేశారు. అక్కడ బీడీ కార్మికురాలి పక్కింట్లో డ్రైవరుండొచ్చు, ఎదురింట్లో చెత్త ఏరుకునే మనిషి. గుమ్మాలు సొంతమయ్యాయి. ఆ గుమ్మాల ముందు ఏ భాష కూర్చుంటుందో చూడాలనుకునే యాత్రికుడు ఈసారి చద్దర్ల దుకాణం దగ్గరే ఆగిపోకుండా కుంభారి దాకా వెళ్లాలి.