పసుపు మెదడు దాకా చేరుతుందా?

అల్జైమర్స్‌కు పసుపు విరుగుడన్న మాట ఉత్త పుకారేమీ కాదు. ఆ జబ్బులో మెదడు కణాల బయట బీటా అమైలాయిడ్ అనే ప్రొటీను గడ్డకడుతుంది, లోపల టౌ అనే మరో ప్రొటీను చిక్కులు పడుతుంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ ప్రయోగశాలలో అమైలాయిడ్‌ను పోగుపడనివ్వలేదు, ఎలుకల మెదళ్లలో ఆ గడ్డలను తగ్గించింది. అయితే గాజుపాత్రలో ఆ పదార్థాన్ని నేరుగా కణం మీదే పోస్తారు. మనం తిన్నది మాత్రం పేగు గోడ దాటాలి, కాలేయం చేతిలో మిగలాలి, ఆపైన రక్తానికీ మెదడుకూ మధ్యనున్న కాపలా పొరను దాటాలి. కర్క్యుమిన్ మొదటి రెండు మజిలీల్లోనే దాదాపుగా ఖర్చైపోతుంది. పైగా పసుపులో అది ఉండేదే నూటికి మూడు పాళ్లు, ఆ చుట్టుపక్కల. చిటికెడు పసుపు వేసిన పప్పులో ఎంతుంటుందో లెక్క వేసుకోండి! 2012లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 36 మంది రోగుల్లో కొందరికి 24 వారాలపాటు రోజుకు 2 లేదా 4 గ్రాముల కర్క్యుమిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇస్తే జబ్బులో తేడా కనబడలేదు, రక్తంలోకి చేరినదీ అత్యల్పమే. 2018లో లాస్ ఏంజెలెస్‌లో సులభంగా ఒంటబట్టే రకాన్ని 18 నెలలు వాడినవారికి జ్ఞాపకశక్తి మెరుగైంది. కానీ ఆ అధ్యయనంలో ఉన్నది 40 మందే, వారెవరికీ డిమెన్షియా (అల్జైమర్స్ వంటి మతిమరుపు జబ్బు) లేదు. దాన్ని ఆశ అనవచ్చు, రుజువు అనలేం.

అలాగని మొక్కల మందులన్నీ వట్టివేనని తోసిపారేయడమూ తప్పే. గాలంటమీన్ సంగతి చూడండి. చలిదేశాల్లో పూసే స్నోడ్రాప్ అనే చిన్న తెల్లపువ్వు మొక్కలో దొరికిన పదార్థమది. 1950ల్లో సోవియట్, బల్గేరియా శాస్త్రవేత్తలు దాన్ని మందుగా మలిచారు. మొదట్లో పోలియో వల్ల చచ్చుబడిన కండరాలకు వాడారు. జ్ఞాపకానికి కావలసిన అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. అల్జైమర్స్‌లో తరిగిపోయేది సరిగ్గా ఆ అసిటైల్‌కోలినే. మింగిన గాలంటమీన్‌లో 90 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది, మెదడులోకీ వెళ్తుంది. రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు ఇవ్వాలో వేలమంది రోగుల మీద తేల్చాకే 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. పసుపుకూ దీనికీ తేడా అక్కడుంది: ఎంత చేరుతోంది, ఎక్కడికి చేరుతోంది, అక్కడ ఏం చేస్తోంది అన్న మూడు ప్రశ్నలకూ దీని దగ్గర జవాబుంది. ఇంత చేసీ గాలంటమీన్ మేలు కొద్దిపాటిదే. లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతుంది. కణాల చావును ఆపుతుందని రుజువు కాలేదు.

మొక్కకు పేటెంటు రాదు గనక కంపెనీలు మొక్కల మేలును తొక్కిపెడుతున్నాయని కొందరి అనుమానం. కానీ గాలంటమీన్‌ను అమ్మింది కంపెనీలే. ఇక జ్ఞాపకశక్తికి మంచిదని పేరున్న జింగో చెట్టు ఆకు సారాన్ని 3,069 మంది వృద్ధుల మీద సుమారు ఆరేళ్లు పరీక్షించింది అమెరికా ప్రభుత్వ నిధులతో. 2008లో ఫలితం వచ్చింది: డిమెన్షియా తగ్గలేదు. పసుపు పక్షాన ఇంతకంటే బలమైన వాదన మరొకటుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో అల్జైమర్స్ చాలా అరుదని 2001లో ఒక అధ్యయనం చెప్పింది, ఆ ఘనత పసుపుదేనని జనం అనుకున్నారు. కానీ అక్కడివారిలో ముప్పు పెంచే ఏపీవోఈ-4 జన్యువు అమెరికన్లకంటే తక్కువ, ఆయుర్దాయమూ తక్కువే. పసుపు ఎవరు ఎంత తిన్నారో ఆ పరిశోధకులు కొలవనేలేదు. దేశమంతటా ఇంటింటా పసుపు వాడుతూనే ఉన్నా, 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా.

పోనీ, వేసుకుంటే పోయేదేముంది? కూరలో వేసే పసుపుతో భయం లేదు, మాత్రల సంగతి వేరు. మిరియాలలోని పైపెరిన్ కర్క్యుమిన్ శోషణను 20 రెట్లు పెంచుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపాక, రెంటినీ కలిపిన మాత్రలు మార్కెట్టును ముంచెత్తాయి. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి, వాటిలో మిరియం కలిసినవీ ఉన్నాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి జింగోతో రక్తస్రావం ముప్పుంది. కాబట్టి మతిమరుపుతో ఆసుపత్రికి వెళ్లే పెద్దవారి మందుల చీటీలో ఈ మూలికా మాత్రల పేర్లు కూడా డాక్టరుకు కనబడాలి.