అయిదు పీఎస్‌ఐకి బైపాస్ ఎందుకు?

చిన్న సూపర్‌ఛార్జర్ బిగించుకునేవాళ్లు డబ్బు మిగుల్చుకుందామని మొదట చూసేది బైపాస్ వాల్వ్ వైపే. "బూస్టే అయిదు పీఎస్‌ఐ, మళ్లీ వాల్వొకటా?" అంటారు. జవాబు బూస్టు అంకెలో దొరకదు. థ్రాటిల్ సూపర్‌ఛార్జర్‌కు ముందుందా, తర్వాతుందా అన్నది చూడాలి.

1600 సీసీ ఇంజన్ తీసుకుందాం. నాలుగు స్ట్రోకులది కాబట్టి ఒక్కో చుట్టుకు 800 సీసీ గాలి పీలుస్తుంది. అయిదు పీఎస్‌ఐ అంటే మామూలు వాతావరణ పీడనానికి 1.34 రెట్లు. వేడి, లీకేజీ లెక్కలు పక్కన పెడితే, రూట్స్ రకం సూపర్‌ఛార్జర్ చుట్టుకు 1070 సీసీ నెట్టాలి. ఈ యంత్రం ఇంజన్‌కు బెల్టుతో కట్టేసి ఉంటుంది. డ్రైవరు కాలు తీసేసినా దాని రోటర్లు ఆగవు.

థ్రాటిల్ తర్వాత ఉన్న అమరిక చూడండి. 6000 ఆర్‌పీఎంలో సెకనుకు 107 లీటర్ల గాలి వస్తోంది. గేరు మార్చడానికి కాలెత్తగానే థ్రాటిల్ మూసుకుంది. మధ్యనున్న గొట్టాల్లో మూడు లీటర్ల చోటుందనుకుంటే, సెకనులో 35వ వంతు గడిచేసరికి అక్కడ ఇంకో వాతావరణ పీడనమంత గాలి చేరుతుంది. సెకనులో పదో వంతుకు, కాగితం మీద, 50 పీఎస్‌ఐ! నిజంగా అంతదాకా పోదు. ఆలోపే బెల్టు జారుతుంది, లేదా క్లాంపు వదిలి గొట్టం ఊడుతుంది. పురుగుమందు కొట్టే పవర్ స్ప్రేయర్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. చేతిలో గన్ మూసినా పంపు తోడుతూనే ఉంటుంది. ఆ నీళ్లు రిటర్న్ పైపులోంచి డ్రమ్ములో పడతాయి. బైపాస్ చేసేదీ అదే: నెట్టిన గాలిని తిరిగి సూపర్‌ఛార్జర్ నోటికి అందిస్తుంది. ఈ అమరికలో అది లేకుండా కారు నడపకూడదు. బూస్టు రెండు పీఎస్‌ఐ అయినా అంతే.

థ్రాటిల్ ముందుంటే సంగతి వేరు. 2002లో వచ్చిన మినీ కూపర్ ఎస్‌లో 1.6 లీటర్ల ఇంజన్‌పై ఈటన్ ఎం45 ఇలాగే ఉంటుంది. థ్రాటిల్ మూసుకుంటే సూపర్‌ఛార్జర్‌కే గాలి అందదు, కాబట్టి గొట్టాలు పగలవు. అయినా కంపెనీ దానికి బైపాస్ పెట్టింది.

ఎందుకంటే, బైపాస్ లేని సూపర్‌ఛార్జర్ ఎప్పుడూ దాదాపు అదే నిష్పత్తిలో గాలిని ఒత్తుతుంది. నింపాదిగా 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 2500 ఆర్‌పీఎంలో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో 40 కిలోపాస్కల్స్ ఉంటే చాలనుకుందాం. (వాతావరణంలో ఉండేది సుమారు 100.) దాన్ని 1.34తో భాగిస్తే సూపర్‌ఛార్జర్ ముందు 30. అంటే థ్రాటిల్ పీడనాన్ని 30 దాకా దించుతోంది, సూపర్‌ఛార్జర్ దాన్ని మళ్లీ 40కి ఎత్తుతోంది. ఒకరు తవ్వడం, ఇంకొకరు పూడ్చడం! ఆ పది కిలోపాస్కల్స్ తేడాకు సెకనుకు 45 లీటర్ల గాలి నెట్టాలంటే 0.45 కిలోవాట్లు పోతాయి. ఆ వేగంలో చిన్న కారుకు కావాల్సిందే ఎనిమిది కిలోవాట్ల చుట్టుపక్కల. అంటే అయిదు శాతం పైనే, ఏ లాభమూ లేకుండా. 6000 ఆర్‌పీఎంలో, పూర్తి బూస్టులో సూపర్‌ఛార్జర్ 3.7 కిలోవాట్లు తింటుంది కానీ అక్కడ ప్రతిఫలం ఉంది. అదీగాక రోజు మొత్తంలో అలా తొక్కేది ఎన్ని నిమిషాలు?

నాకు ఎక్కువ బాధ కలిగించేది వేడి. గాలి ఎంత వేడెక్కుతుందన్నది పీడనాల నిష్పత్తిని బట్టి ఉంటుంది. 30 డిగ్రీల గాలిని 1.34 రెట్లు ఒత్తితే, సామర్థ్యం 60 శాతం అనుకుంటే, 44 డిగ్రీలు పెరుగుతుంది. నిష్పత్తి మారలేదు కాబట్టి మెల్లగా పోతున్నా గాలి 70 డిగ్రీలు దాటే అవకాశముంది. తక్కువ బూస్టు కిట్లలో చాలావాటికి ఇంటర్‌కూలర్ కూడా ఉండదు. అలా కాగిన ఇంజన్‌ను ఒక్కసారిగా తొక్కితే నాకింగ్‌కు ఎర్ర తివాచీ పరిచినట్టే.

సెంట్రిఫ్యూగల్ రకానికి మెల్లగా పోతున్నప్పుడు ఈ నష్టం తక్కువ. కానీ కాలెత్తినప్పుడు ఇరుక్కున్న గాలి వెనక్కి తన్ని సర్జ్ వస్తుంది; దానికీ వాల్వ్ కావాలి.

బైపాస్ తప్పించుకునే దారి అసలే లేదా? 1928 నాటి మెర్సిడెస్ ఎస్‌ఎస్‌కేలో యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కినప్పుడే క్లచ్ పట్టుకుని సూపర్‌ఛార్జర్ తిరిగేది. అవసరం లేనప్పుడు యంత్రాన్నే ఆపడం ఒక పద్ధతి. వాల్వ్ కంటే క్లచ్ ఖరీదెక్కువ, కాబట్టి పొదుపు మాట అక్కడే తేలిపోతుంది.

ఇప్పటికే బైపాస్ ఉన్నవాళ్లకు ఒక మాట. సాధారణంగా స్ప్రింగ్ దాన్ని మూసి ఉంచుతుంది. మానిఫోల్డ్‌లోని వాక్యూమ్ సన్నని రబ్బరు గొట్టం ద్వారా డయాఫ్రమ్‌ను లాగి తెరుస్తుంది. ఆ గొట్టం పగిలితే వాల్వ్ ఇక తెరుచుకోదు. థ్రాటిల్ ముందున్న అమరికలో బూస్టు యథావిధిగా వస్తుంది కాబట్టి డ్రైవరుకు అనుమానం రాదు. మైలేజీ మాత్రం తగ్గుతుంది. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఆ గొట్టాన్ని ఒకసారి వంచి చూడమనండి.